మూకీల రాణి సులోచన: టాకీ వచ్చి ముంచేసిందనే మాట ఎంతవరకు నిజం?

సులోచన గురించి ఎక్కడ చదివినా కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. 1907లో పూనాలో పుట్టిన యూదుల అమ్మాయి, అసలు పేరు రూబీ మైయర్స్, టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తుంటే సినిమావాళ్ళు చూసి తీసుకెళ్ళారు, రెండు మూడేళ్ళలో దేశంలోనే పెద్ద స్టార్ అయిపోయింది, తర్వాత 1931లో సినిమాకి మాటలొచ్చాయి, ఈవిడకేమో హిందుస్తానీ సరిగ్గా రాదు, దాంతో అంతా అయిపోయింది. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం చాలావరకు తప్పు, ఎందుకంటే టాకీ వచ్చిన ఏడాదికే ఆవిడ భాష నేర్చుకుని తిరిగొచ్చి హిట్ కొట్టింది, ఇంకో ఏడెనిమిదేళ్ళు హీరోయిన్‌గా నిలబడింది. మరి ఆ పాత కథే ఎందుకు ఇంతలా పాతుకుపోయింది, అసలు ఆవిడ్ని వెనక్కి నెట్టింది ఏంటి అనేది చూస్తే మన తెలుగు సినిమా పుట్టుక కూడా ఆ పక్కనే కనిపిస్తుంది. అది చాలామంది గమనించని విషయం.

ముందు అప్పటి పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే మన మొదటి పూర్తి నిడివి సినిమా రాజా హరిశ్చంద్ర తీసినప్పుడు తారామతి వేషానికి ఒక్క ఆడమనిషి దొరకలేదు, వేశ్యలని అడిగినా రామన్నారు, చివరికి హోటల్లో పనిచేసే అన్నా సాలుంకే అనే కుర్రాడితో వేయించారు. ఆ కుర్రాడే 1917లో లంకా దహన్‌లో రాముడూ తనే సీతా తనే. మధ్యలో 1913 చివర్లోనే దుర్గాబాయి కామత్, ఆవిడ కూతురు కమలాబాయి ఫాల్కే రెండో సినిమా మోహినీ భస్మాసుర్‌లో నటించారు గానీ, వాళ్ళు దారి తెరిచిన వెంటనే అందరూ వచ్చేయలేదు. మన దగ్గర నాటకాల్లోనూ అంతే కదా, స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే జనం ఊగిపోయిన రోజులవి, అది ఆయన గొప్పతనమే కానీ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కితే పరువు పోతుందనే భయం కూడా దాని వెనక ఉంది. సురభి వాళ్ళు ఒక్కళ్ళే వేరు, అక్కడ ఇంటిల్లిపాదీ నాటకమే కాబట్టి ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేసేవాళ్ళు. ఈ సురభి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ఖాళీలోకి వచ్చిన వాళ్ళే ఆంగ్లో ఇండియన్, యూదు అమ్మాయిలు. కలకత్తాలో మదన్ థియేటర్స్‌కి పేషన్స్ కూపర్ ఉండేది, సీతాదేవి పేరుతో నటించిన అమ్మాయి అసలు పేరు రెనీ స్మిత్. ముస్లిం కుటుంబాల నుంచి ఫాత్మా బేగం, ఆవిడ కూతుళ్ళు సుల్తానా, జుబేదా వచ్చారు, ఫాత్మా బేగం అయితే 1926కే సొంతంగా డైరెక్షన్ కూడా చేసింది. మన రఘుపతి వెంకయ్య గారి కొడుకు ప్రకాష్ 1920ల మొదట్లో మద్రాసులో భీష్మ ప్రతిజ్ఞ తీస్తే గంగ వేషం వేసింది కూడా ఒక ఇంగ్లీషు అమ్మాయే. ఈ అమ్మాయిల్లో చాలామంది ఇళ్ళల్లో ఆడపిల్ల బయటికెళ్ళి ఉద్యోగం చేయడం అప్పటికే మామూలు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో, ఆఫీసుల్లో టైపిస్టులుగా, ఆస్పత్రుల్లో నర్సులుగా చేసేవాళ్ళు. కెమెరా ముందుకి రావడం వాళ్ళకి మరీ కొత్త లోకం కాదు. తెల్లటి రంగు మీద మనవాళ్ళకున్న మోజు కూడా ఇక్కడ పనిచేసింది, అది కాదనలేం.

అలాగని రూబీ మైయర్స్ అడగ్గానే ఎగిరి గంతేయలేదు. కోహినూర్ ఫిల్మ్ కంపెనీకి పనిచేస్తున్న డైరెక్టర్ మోహన్ భవనాని వచ్చి అడిగితే ముందు వద్దంది, ఎందుకంటే సినిమా అంటే ఆ ఇళ్ళల్లో కూడా మంచి పేరేం లేదు. ఆయన వదలకుండా వెంటపడితే ఒప్పుకుంది, అప్పటికి నటన గురించి ఏమీ తెలియదు. 1925లో వీరబాల వచ్చింది, 1926లో సినిమా క్వీన్, టైపిస్ట్ గర్ల్ వచ్చాయి. తర్వాత భవనానితో పాటే అర్దెషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీకి వచ్చేసింది, అసలు స్టార్ అయింది ఇక్కడే.

ఆ పేర్లు ఒకసారి చూడండి, సినిమా క్వీన్, టైపిస్ట్ గర్ల్, వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే, ఇందిరా బి.ఏ. అప్పట్లో తెర మీద ఎటు చూసినా సావిత్రి, దమయంతి, ద్రౌపది, పురాణాలు తప్ప ఇంకోటి లేదన్నట్టు ఉండేది, అలాంటి టైంలో సిటీలో ఉద్యోగం చేసుకునే అమ్మాయి, డిగ్రీ చదివిన అమ్మాయి, అల్లరి చేసే అమ్మాయి కథలో మెయిన్ క్యారెక్టర్‌గా రావడం చిన్న మార్పు కాదు. ఈవిడ పౌరాణికాలూ చరిత్రలూ చేయలేదని కాదు, చేసింది, కానీ జనం ఈవిడలో చూసుకున్నది మాత్రం కొత్తగా బొంబాయి రోడ్ల మీద కనిపించడం మొదలుపెట్టిన ఆ మోడర్న్ అమ్మాయినే. ఆఫీసు మెషిన్ ముందు కూర్చుని జీతం తెచ్చుకున్న అమ్మాయి తెర మీద టైపిస్టుగా కనిపిస్తే అందులో ఉండే నమ్మకం వేరు, ఆ నడక, ఆ ధీమా ఎవరో నేర్పిస్తే వచ్చేది కాదు.

1927లో వచ్చిన వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులో సులోచన ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, వీధి కుర్రాడు, అరటిపళ్ళు అమ్మేవాడు, బంగారు జుట్టు తెల్లదొరసాని, వీటితో పాటు ఒక హైదరాబాదీ పెద్దమనిషి కూడా. పద్నాలుగేళ్ళ కిందట ఆడవేషం మగాడు వేయాల్సి వచ్చిన ఇండస్ట్రీలో ఇప్పుడు ఒక ఆడపిల్ల మగవేషాలు వరసపెట్టి వేస్తోంది, పైగా హిందువా ముస్లిమా తెల్లదా నల్లదా పేదా గొప్పా అనే తేడా లేకుండా అన్నీ వేస్తోంది. మూకీ సినిమా ఇచ్చిన స్వేచ్ఛ ఇదే. మాట లేదు కాబట్టి యాస లేదు, యాస లేదు కాబట్టి నువ్వు ఎక్కడి దానివి అనే ప్రశ్న లేదు. మధ్యమధ్యలో తెర మీద అక్షరాలు రెండు మూడు భాషల్లో పడేవి, చదవడం రానివాళ్ళకి హాల్లో ఎవరో ఒకరు పైకి చదివి చెప్పేవాళ్ళు, కాబట్టి బొంబాయి బొమ్మ పెషావర్ వెళ్ళినా మద్రాసు వచ్చినా అక్కడి భాషలోనే కథ నడిచేది. బెజవాడలో 1921లో కట్టిన మారుతి హాలు లాంటివి నడిచింది ఇలాంటి బొమ్మల మీదే. ఆ రకంగా చూస్తే మూకీ స్టార్లే నిజమైన పాన్ ఇండియా స్టార్లు, ఇప్పుడు ఐదు భాషల్లో డబ్ చేసి సాధించేదాన్ని వాళ్ళు నోరు విప్పకుండా సాధించారు.

ఈవిడ పాపులారిటీ ఎంతంటే, గాంధీగారు ఖాదీ ఎగ్జిబిషన్ ప్రారంభించిన చిన్న ఫిల్మ్ ఒకటి వేసినప్పుడు దాంతో పాటు మాధురి సినిమాలో సులోచన డాన్స్‌ని సౌండ్ ఎఫెక్టులు కలిపి చూపించారు. ఇదంతా పూర్తి టాకీ ఇంకా రాని రోజుల్లో.

జీతం గురించి ఒక మాట. సులోచన బొంబాయి గవర్నర్ కంటే ఎక్కువ సంపాదించేది అని దాదాపు ప్రతి చోటా రాస్తారు. పీక్‌లో ఆవిడ జీతం నెలకి 5000 రూపాయలు అని చెప్తారు, అంటే ఏడాదికి 60 వేలు. ఆ కాలంలో బొంబాయి గవర్నర్ జీతం ఏడాదికి లక్ష దాటే ఉండేది, చట్టంలోనే రాసి పెట్టిన లెక్క అది. కాబట్టి ఆ పోలిక నిలబడదు, ఎవరో పబ్లిసిటీకి అన్నది తర్వాత అందరూ పట్టుకుని రాస్తూ వచ్చినట్టుంది. కానీ ఆ పోలిక తీసేసినా ఆవిడ గొప్పతనం ఏం తగ్గదు, నెలకి 5000 అంటే ఆ రోజుల్లో మామూలు మాట కాదు, ఒక ఆడమనిషి తన పనితో అంత సంపాదించడం, సొంత షెవర్లే కారులో తిరగడం జనానికి నమ్మలేని విషయం, అందుకే గవర్నర్‌తో పోల్చుకుని ఉంటారు.

ఇక అనార్కలి. 1928లో రెండు కంపెనీలు ఒకేసారి ఈ కథ మీద పడ్డాయి. ఒకళ్ళు సీతాదేవిని పెట్టి బాగా ఖర్చుపెట్టి నెమ్మదిగా తీస్తున్నారు, ఇంపీరియల్ వాళ్ళు సులోచనతో చకచకా తీసేసి ముందు రిలీజ్ చేసేశారు, డైరెక్టర్ ఆర్.ఎస్. చౌధురి. జనం ఇంపీరియల్ బొమ్మకే ఓటేశారు, ఆ దెబ్బకి రెండోది వెనకబడిపోయింది. అనార్కలి పేరు సులోచన జీవితంలో ఇంకో రెండుసార్లు వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, 1931. మన దేశంలో మొదటి టాకీ ఆలం ఆరా తీసింది ఇదే ఇంపీరియల్, ఇదే అర్దెషిర్ ఇరానీ. కంపెనీలో నంబర్ వన్ హీరోయిన్ సులోచన కాబట్టి ముందు ఆవిడనే అనుకున్నారు, హిందుస్తానీ పలకడం రాదని పక్కన పెట్టి జుబేదాని తీసుకున్నారు. మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో బొమ్మ పడింది, మిగతాది అందరికీ తెలిసిందే. ఇక్కడే ఒక చిన్న సంగతి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ సినిమా హీరో మాస్టర్ విఠల్‌కి కూడా హిందుస్తానీ సరిగ్గా రాదు. ఆయన మరాఠీ వాడు, స్టంట్ సినిమాల హీరో. మరి ఆయన్ని తీసేశారా అంటే లేదు, ఆయన పాత్ర చాలాసేపు మత్తులో, సగం స్పృహలో ఉన్నట్టు కథ రాసుకుని డైలాగులు తగ్గించేశారు. అంటే భాష రాని హీరో కోసం కథ మార్చారు, భాష రాని హీరోయిన్‌ని మార్చేశారు. టాకీ వచ్చి సులోచనని ముంచేసింది అనే మాట పక్కన ఈ విషయం కూడా పెట్టి చూడాలి, అప్పుడు టెక్నాలజీ ఎంత, మనుషుల నిర్ణయం ఎంత అనేది తెలుస్తుంది.

టెక్నాలజీ వైపు నుంచి కూడా న్యాయంగా చెప్పాలంటే, అప్పుడు డబ్బింగ్ లేదు. టానర్ అనే రికార్డింగ్ మెషిన్ మీద బొమ్మా శబ్దం ఒకేసారి ఒకే ఫిల్మ్ మీద ఎక్కేవి. స్టూడియో పక్కన రైలు పట్టాలు, రైళ్ళ చప్పుడు పడకుండా రాత్రిళ్ళు షూటింగ్ చేసేవాళ్ళు, మైకులు ఎక్కడెక్కడో దాచేవాళ్ళు, నటించేవాళ్ళే మాట్లాడాలి, వాళ్ళే పాడాలి. ముందే రికార్డు చేసిన పాటకి పెదాలు కదిపే ప్లేబ్యాక్ అనేది 1935 దాకా రాలేదు. కాబట్టి గొంతు అరువు తెచ్చుకునే దారి సులోచనకి లేదు. ఒక్క ఐదారేళ్ళు ఆలస్యంగా టాకీ వచ్చి ఉంటే ఆవిడ కథ వేరేలా నడిచేదేమో. మన తెలుగులోనే చూడండి, బొంబాయి నుంచి వచ్చిన ఎంతమంది హీరోయిన్లు ఒక్క తెలుగు ముక్క రాకుండా ఏళ్ళకేళ్ళు టాప్‌లో ఉన్నారో, వాళ్ళకి గొంతిచ్చిన డబ్బింగ్ ఆర్టిస్టుల పేర్లు చాలాకాలం టైటిల్స్‌లో కూడా సరిగ్గా పడేవి కావు. సులోచనకి అడ్డం వచ్చిన సమస్యని ఇండస్ట్రీ తర్వాత చాలా తేలిగ్గా దాటేసింది.

సులోచన మాత్రం ఆ దారి కోసం ఎదురుచూడలేదు. ఒక ఏడాది గ్యాప్ తీసుకుని హిందుస్తానీ నేర్చుకుంది. దేశంలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకుంటున్న స్టార్, పాతికేళ్ళ వయసులో, మళ్ళీ మొదటి నుంచి అక్షరాలు పలకడం నేర్చుకోవడం అంటే దానికి ఎంత మనోధైర్యం కావాలి? 1932లో తన మూకీ హిట్ మాధురినే టాకీగా చేసి తిరిగొచ్చింది, ఆడింది. ఆ ఊపులో ఇందిరా బి.ఏ. కాస్తా 1934లో ఇందిరా ఎం.ఏ. అయింది, 1935లో అనార్కలి టాకీ, 1936లో వైల్డ్‌క్యాట్‌ని బంబయీ కీ బిల్లీగా తీశారు. హీరో డి. బిల్లిమోరియాతో జోడీ అయితే 1930ల చివరిదాకా నడిచింది. రూబీ పిక్స్ అని సొంత కంపెనీ కూడా పెట్టింది. ఇది ముగిసిపోయిన కెరీర్ ఎలా అవుతుంది?

కానీ ఆ లిస్టులోనే అసలు ఇబ్బంది కూడా కనపడుతుంది, అన్నీ రీమేకులే. ఇంపీరియల్ వాళ్ళు ఆవిడ పాత హిట్లనే మాటలు కలిపి మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు తప్ప సులోచన గొంతుకి, వయసుకి, కొత్త కాలానికి సరిపోయే కొత్త కథ ఒక్కటి గట్టిగా రాయలేదు. అదే టైంలో కలకత్తాలో న్యూ థియేటర్స్, పూనాలో ప్రభాత్, బొంబాయిలో బాంబే టాకీస్ సినిమా నడకనే మార్చేస్తున్నాయి, శాంతా ఆప్టే పాడుతుంది, దేవికారాణి చదువుకున్న మంచి కుటుంబం నుంచి వచ్చిన హీరోయిన్‌గా కనిపిస్తుంది. పదేళ్ళ కిందట సులోచన లాంటి వాళ్ళు ధైర్యం చేసి వచ్చి ఆ ఉద్యోగానికి కాస్త గౌరవం తెచ్చాకే ఆ కుటుంబాల అమ్మాయిలు రావడం మొదలైంది, వాళ్ళు వచ్చాక వీళ్ళ అవసరం తగ్గిపోయింది. దానికి తోడు 1938లో ఇంపీరియల్ మూతపడింది. స్టూడియో జీతం మీద బతికే స్టార్‌కి స్టూడియో పోతే ఇంకేం మిగులుతుంది? అప్పటికి ఆవిడకి ముప్పై దాటాయి, మన సినిమాల్లో హీరోయిన్‌కి ఆ వయసు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. కాబట్టి సులోచనని దింపింది 1931 కాదు, 1930ల చివర్లో ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డ ఈ కారణాలన్నీ కలిసి.

ఇక సురభి దగ్గరికొద్దాం. సులోచన మాధురితో తిరిగొచ్చిన అదే 1932లో, అదే ఇరానీ గారి నీడలో మన హెచ్.ఎం. రెడ్డి గారు భక్త ప్రహ్లాద తీశారు, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో రిలీజైంది, పూర్తిగా తెలుగులో వచ్చిన మొదటి టాకీ. అందులో లీలావతి సురభి కమలాబాయి. సులోచనదీ ఈవిడదీ దాదాపు ఒకే వయసు. కమలాబాయికి సినిమా తెలియదు, కానీ చిన్నప్పటి నుంచి స్టేజీ మీద పద్యం పాడి, గొంతెత్తి డైలాగ్ చెప్పి పెరిగిన మనిషి, మైకు ముందు నిలబడితే ఆవిడకి భయం ఎందుకు ఉంటుంది. ఒకే కంపెనీ గొడుగు కింద, ఒకే మెషిన్ మీద, ఒకళ్ళకి మూసుకున్న తలుపు ఇంకొకళ్ళకి తెరుచుకుంది. శబ్దం రాకపోతే తెలుగు సినిమా అని విడిగా ఒకటి ఉండేదే కాదు, తమిళం, తెలుగు, బెంగాలీ అని విడిపోయిందే మాట వల్ల. దేశమంతా ఒకే మార్కెట్‌గా తిరిగిన మూకీ స్టార్ల సామ్రాజ్యం ముక్కలైతేనే మన భాషకి సొంత తెర దొరికింది, సులోచన నష్టం గురించి బాధపడేటప్పుడు మన వైపు లెక్క ఇది కూడా ఉంది.

తర్వాతి ఏళ్ళు త్వరగా చెప్పుకోవచ్చు. చిన్న వేషాలు, అమ్మ వేషాలు. 1947లో దిలీప్ కుమార్, నూర్జహాన్ నటించిన జుగ్నూలో కనిపించింది. 1953 అనార్కలిలో బీనా రాయ్ హీరోయిన్, సులోచన సలీం తల్లి. 1928లో, 1935లో తనే వేసిన అనార్కలిని ఇప్పుడు కాబోయే కోడలిగా చూసే పాత్ర. ఆ సినిమా దేశమంతా ఊపేశాకే రెండేళ్ళకి మన అంజలీదేవి, అక్కినేని అనార్కలి వచ్చింది.

1973 సంవత్సరానికి ఆవిడకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆ అవార్డు అందుకున్న ఆడవాళ్ళలో దేవికారాణి తర్వాత ఈవిడే, మరుసటి ఏడాది అదే అవార్డు మన బి.ఎన్. రెడ్డి గారికి వచ్చింది. ఆడవాళ్ళు దొరక్క కుర్రాడికి చీర కట్టిన ఫాల్కే పేరు మీద ఉన్న అవార్డు ఈవిడకి రావడం చాలా సబబు. 1983 అక్టోబర్‌లో బొంబాయిలో చనిపోయింది.

ఈవిడ గురించి వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక, సులోచన పేరుతో హిందీ మరాఠీ సినిమాల్లో అమ్మ వేషాలు వేసిన ఇంకో పెద్ద నటి ఉంది, సులోచనా లాట్కర్, నెట్లో ఫొటోలు, సినిమాల లిస్టులు ఇద్దరివీ కలిపేస్తుంటారు. 1950 తర్వాత సినిమాల్లో అయితే ఈ గందరగోళం మరీ ఎక్కువ, రూబీ మైయర్స్ అని పేరు కలిపి వెతికితేనే కాస్త సరైనవి దొరుకుతాయి. ఇక మూకీల సంగతికొస్తే మన దేశంలో దాదాపు 1300 తీస్తే ఇప్పుడు మిగిలినవి ముప్పై లోపే, అందులోనూ కొన్ని ముక్కలే. నైట్రేట్ ఫిల్మ్ తేలిగ్గా అంటుకునేది, వేడికి పాడైపోయేది, ఆడేసిన ప్రింట్లలో వెండి కోసం కరిగించినవి కూడా చాలా ఉన్నాయి. కాబట్టి సులోచనని చదవాలంటే స్టిల్స్, పోస్టర్లు, ఆనాటి పత్రికల్లో ప్రకటనలు, టాకీ రోజుల పాటల పుస్తకాలే దిక్కు. ఇళ్ళల్లో తాతల కాలం నాటి పెట్టెల్లో అలాంటి పాటల పుస్తకం గానీ, హాలు కరపత్రం గానీ ఉంటే పాత కాగితమని తూకానికి వేయకుండా పూణె ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఒకసారి చూపించండి.